కింది బోల్టు

కారు బ్రేకు పై బోల్టు బిగించింది. అది సంజనకు బాగా గుర్తుంది. రెంచ్ టక్కుమన్న చప్పుడు ఇంకా మణికట్టులోనే ఉంది. కింది బోల్టును వేళ్లతో తిప్పి ఎక్కించింది, అదీ గుర్తుంది, చల్లటి ఇనుము, మరలోకి మెత్తగా దిగింది, ఆ తర్వాత నేల మీది రెంచ్ కోసం చెయ్యి చాపింది, సరిగ్గా అప్పుడే జేబులో ఫోను మోగింది. అమ్మ. అక్కడి నుంచి చక్రం ఎత్తి పెట్టేదాకా మధ్యలో ఏం చేసిందో తెలియడం లేదు. చక్రం పెట్టింది. చక్రం నట్లన్నీ బిగించింది. "రెండు బోల్టులు అయినయా డాక్టరమ్మా?" అని కారు అవతలి నుంచి మెకానిక్ జితేందర్ అడిగాడు. "అయినయన్నా" అంది. అమ్మ మీది కోపంలో అంది, అడిగిందేమిటో చెవికెక్కక ముందే అంది. ఇప్పుడు కారు లేదు, జితేందర్ లేడు, కారు నిలబడ్డ చోట జాకీ స్టాండ్లు మాత్రం మిగిలాయి, వాటి మధ్య ఖాళీలో నిలబడి తన కుడిచెయ్యి తిప్పి తిప్పి చూసుకుంటోంది, ఆ చెయ్యికైనా తెలుసేమోనని.

జగిత్యాలలో కరీంనగర్ రోడ్డు పక్కన జితేందర్ రేకుల షెడ్డు అది. నవంబరు ఎండ వాలి రేకుల సందుల్లోంచి లోపలికి పడుతోంది. "కొత్త బ్రేకు ప్యాడ్లు డిస్కులకు అలవాటు కావాలె, ఖాళీ రోడ్డు మీద రెండు మూడు సార్లు గట్టిగ కొట్టి చల్లార్చాలె, మల్యాల దిక్కు పోయి వస్త, మీరు చాయ్ తాగేలోపల ఈడుంట" అని పోయాడు జితేందర్. చాయ్ తాగింది. ఇంకోటి తెప్పించుకుంది, అది సగంలో చల్లారిపోయి బల్ల మీద ఉంది, దాని పక్కనే జితేందర్ ఫోను ఉంది. బండి పరీక్షకు పోయేటప్పుడు ఫోను వెంట ఉంచుకోడు. ఒక చెయ్యి స్టీరింగుకు, ఒక చెయ్యి గేరుకు, చెవులు ఇంజనుకు, నాలుగోది ఏదీ వద్దంటాడు. మంచి అలవాటే అనుకునేది ఇన్నాళ్లూ. రోడ్డు మీద ఏ బండి వేగంగా వచ్చినా గేటు దాకా పోతోంది, ఇసుక లారీ, బస్సు, పెళ్లి కారు, మళ్లీ లోపలికి వస్తోంది. మల్యాల దాకానే అన్నాడు. అక్కడి నుంచి కొండగట్టు ఎంత దూరమని. రోడ్డు ఖాళీగా దొరక్కపోతే కొండ మీది ఘాట్ రోడ్డు ఎక్కడు కదా. ఎక్కడం పరవాలేదు. దిగడం. దిగేటప్పుడు ప్రతి మలుపుకూ బ్రేకు.

ఇదంతా బ్రేకుల కోసమే మొదలైంది, నవ్వు రావాలి, రావడం లేదు. మూడేళ్ల కిందట హైదరాబాదులో ఒక బిల్డరు దగ్గర కొన్న జపాన్ కారు, రెండే సీట్లు, పొడుగాటి ముక్కు, ఇటుక రంగు. ఆయన దాన్ని పెళ్లిళ్లకు తీసుకుపోయేవాడట. కొన్న రోజు జితేందర్ కిందికి దూరి చూసి, "దీన్ని ఎవ్వలు నడపలేదు డాక్టరమ్మా, తిప్పిన్రు గంతే" అన్నాడు. అప్పటి నుంచి ఇద్దరూ కలిసి ఒక్కొక్కటే మార్చుకుంటూ వచ్చారు. మెత్తగా ఊగే స్ప్రింగులు తీసి గట్టివి వేశారు, కారు నేలకు దగ్గరైంది. ఇంజను ఆయిలు వేడెక్కి పలచబడుతోందని ముందు ఒక చిన్న కూలర్ పెట్టారు. తారును పట్టుకుని వదలని మెత్తటి రబ్బరు టైర్లు తెచ్చారు. లోపలి కార్పెట్లు, స్పీకర్లు, స్టెప్నీ తీసేసి బరువు తగ్గించారు, ఆ స్పీకర్లు సంజన కోరుట్ల క్లినిక్‌లో పెట్టింది, పన్ను పీకించుకునే వాళ్లకు పాటలు వినిపిస్తాయి. చెన్నై దగ్గరి రేసు ట్రాక్ మీద మొదటిసారి తిప్పినప్పుడు ఇంత హాయి ఎక్కడా లేదనిపించింది. తనది ఒక చోట కూర్చునే మనసు కాదు. పేషెంటు నోట్లోకి చూస్తూ రేపటి సంగతి, అన్నం తింటూ నిన్నటి సంగతి, పడుకుంటే అన్నీ కలిపి. ట్రాక్ మీద మాత్రం రాబోయే మలుపు తప్ప ఇంకేదీ ఉండదు. ఎక్కడ బ్రేకు వదలాలి, ఎక్కడ చక్రం తిప్పాలి, అంతే. ఆ అంతే కోసం నెలల తరబడి గ్రీసులో చేతులు పెట్టింది.

పోయిన నెల అక్కడే, అదే ట్రాక్ మీద, పొడుగాటి దారి చివర కాలు నొక్కితే పెడల్ నేలకు తగిలింది. పాత బ్రేకులు వేడెక్కి ద్రవం మరిగిపోయింది. కారు గులకరాళ్లలోకి దూసుకుపోయి, ఒక చుట్టు తిరిగి, దుమ్ములో ఆగింది. ఏమీ కాలేదు. దిగి నవ్వింది కూడా. ఎవరో వీడియో తీశారు. ఆ వీడియో ఎట్ల తిరిగి తిరిగి కోరుట్ల చేరిందో, నిన్న బాపు చూశాడట. అదే చెప్పడానికి అమ్మ ఫోన్ చేసింది. "మీ బాపు నిన్నటి సంది మాట్లాడ్తలేడు బిడ్డా. అన్నం ముంగట కూసుంటండు, లేస్తండు. ఆదివారం మల్ల పోతవా?" "పోతనమ్మా. కొత్త బ్రేకులు పెడుతున్న." "బ్రేకులు ఉంటె సాలదా, పోవుడెందుకు?" ఆ ప్రశ్నకు జవాబు చెప్పబోయి గొంతు పెంచింది, గొంతు పెంచినందుకు అమ్మ ఊరుకుంది, అమ్మ ఊరుకున్నందుకు ఇంకా కోపం వచ్చింది. తండ్రి జగపతి రావు మాట్లాడకపోతే ఆ ఇంట్లో గోడలు కూడా మాట్లాడవు. చిన్నప్పుడు జీపు నేర్చుకుంటానంటే కూడా ఇట్లాగే రెండు రోజులు మాట్లాడలేదు, మూడో రోజు తానే తాళాలు ఇచ్చి పక్కన కూర్చున్నాడు, కాలువ గట్టు మీద. తాళాలు ఇచ్చాక ఒక్కమాట అన్నాడు, ఏం మాట? బండి నీ చేతిల ఉన్నప్పుడు పక్కనున్నోని పాణం కూడ నీ చేతిలనే ఉంటది. అదేనా? అట్లాంటిదే. ఫోను పెట్టేసి ఆ కోపంతోనే చక్రం ఎత్తింది. అంత బరువున్న చక్రం ఒక్క ఊపులో లేచింది.

జితేందర్ పద్ధతి ఒకటుంది. బోల్టు రెంచ్‌తో బిగించాక దాని తల మీద నుంచి పక్క ఇనుము దాకా పసుపు పెయింటుతో గీత గీయాలి, బోల్టు కదిలితే గీత విరిగి కనబడుతుంది. షార్జాలో పనిచేసిన గ్యారేజీలో నేర్చుకున్నాడు. అక్కడ షేకుల పిల్లల కార్లు చేసేవాడు, అంతకు ముందు సిరిసిల్లలో మేనమామ వెంకటి దగ్గర మరమగ్గాల మోటార్లు. సంజన చూపుడువేలి మీద పసుపు మరక ఉంది. ఉంది, కానీ ఒకటే మరక. పై బోల్టుకు గీసినప్పటిదా? కిందిదానికి గీస్తే ఇంకోటి అంటుకునేది కదా. ఒక్కసారి అంటకపోనూవచ్చు. తన క్లినిక్‌లోనూ ఒక చిన్న రెంచ్ ఉంది, దవడ ఎముకలో పెట్టిన కృత్రిమ పన్ను స్క్రూను బిగించడానికి, అదీ ఇట్లాగే టక్కుమంటుంది. ఇన్నేళ్లలో ఒక్క స్క్రూ మరిచిపోలేదు. అందుకే జితేందర్ మొదటిసారి రెంచ్ చేతికిచ్చినప్పుడు, "మీ చెయ్యి తీరుగ ఉన్నది" అన్నాడు. అంతకు ముందు ఎవరినీ బ్రేకు జోలికి రానిచ్చేవాడు కాడు. జితేందర్ నాయన సాయిలు కల్లు గీసేందుకు తాటిచెట్లు ఎక్కేవాడు, సంజన వాళ్ల పొలం గట్ల మీది చెట్లే. నడుముకు వేసుకునే మోకు పెళ్లాం కట్టినా ముడి విప్పి మళ్లీ తానే కట్టుకునేవాడట. "మా బాపు ఇంకొకలు కట్టిన మోకుతోని చెట్టెక్కకపోయేటోడు డాక్టరమ్మా, నేను గూడ గంతే" అన్నాడు ఒకనాడు. అన్నవాడు ఈ రోజు ఎడమవైపు తనకు వదిలేసి కుడివైపు తాను చూసుకున్నాడు. అయినయా అని అడిగాడు, అయినయి అంటే సరే అన్నాడు. చక్రం తీసి చూడలేదు. ఎందుకు చూడలేదు? ఒక్కసారి చూస్తే ఏం పోయింది? తన మీద తనకు రావలసిన కోపం ఆయన మీదికి పోతోందని తెలిసి సిగ్గేసింది.

సైరన్ మోగింది. మల్యాల దిక్కు నుంచి నూట ఎనిమిది బండి వస్తోంది, ఆసుపత్రికి. సంజన గేటు దాటి రోడ్డు మీదికి ఉరికింది. తెల్లటి బండి పక్క నుంచి పోయింది, వెనక అద్దంలో ఎవరో కూర్చున్న నీడ, ఆడమనిషి నీడ, అంతే కనిపించింది. ఆడమనిషి అయితే కాన్పు కావచ్చు. కాన్పే. కాన్పే అయి ఉంటుంది. ఆ మాట పదే పదే అనుకుంటూ లోపలికి వచ్చేసరికి బల్ల మీద జితేందర్ ఫోను వణుకుతూ తిరుగుతోంది, తెర మీద ఆయన భార్య సంగీత బొమ్మ, ఎక్కడో గుడి ముందు ఎండకు కళ్లు చిట్లించుకున్న బొమ్మ. ఎత్తాలా? ఎత్తి ఏం చెప్పాలి? మోగి ఆగిపోయింది. మళ్లీ మోగింది. ఆగిపోయింది. కాసేపటికి స్కూటీ గేటు లోపలికే వచ్చింది.

సంగీత మెరూన్ రంగు పట్టుచీర కట్టుకుని ఉంది. సిరిసిల్లలో ఆమె చెల్లెలు బట్టల దుకాణం తెరుస్తోంది ఈ సాయంత్రం, వారం నుంచి జితేందర్ అదే చెబుతున్నాడు, కారు పని అయిపోతే పోవాలని.

"ఏడి డాక్టరమ్మా మా ఆయన? ఫోన్ చేస్తె ఎత్తుతలేడు." బల్ల మీది ఫోను చూసి తల కొట్టుకుంది. "గీడ పడేసిండా. పిల్లలు తయారై కూసున్నరు."

"టెస్టుకు పోయిండు వదినా."

"ఎప్పుడు?"

"శానసేపైంది."

"కారు దొరికితె ఇల్లు యాదికుంటదా ఆయనకు" అంటూ సంగీత స్టూలు దులిపి, చీర నలగకుండా అంచు మీద కూర్చుంది. దుకాణానికి చెల్లెలు పెట్టిన పేరు చెప్పింది, ఆ పేరు మరిది పేరు కాదనీ తన పేరే పెట్టుకుందనీ చెప్పి నవ్వింది. సంజనా నవ్వింది. నవ్వుతుంటే చెంపలు కొయ్యల్లా ఉన్నాయి. చెప్పకుండా ఉంటే ఏమవుతుంది, ఆయన ఇప్పుడే వచ్చేస్తాడు, గేటు దగ్గర ఆ ఇంజను గురక వినిపిస్తుంది, బోల్టు బిగించే ఉంటుంది, చేతికి తెలుసు, చెయ్యి మరిచిపోదు, ఊరికే ఆమెను భయపెట్టడం ఎందుకు. రాకపోతే? రాకపోతే ఈమె ఈ స్టూలు మీద ఇట్లా నవ్వుతూ కూర్చున్న ప్రతి నిమిషం తాను దొంగిలించినట్టే.

"వదినా. ఎడమ దిక్కు ముందు చక్రం బ్రేకు నేనే పెట్టిన. కింది బోల్టు బిగించిన్నో లేదో నాకు యాదికొస్తలేదు."

సంగీత ముఖంలో నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు. "బిగించకపోతె ఏమైతది?"

"జెరంత దూరం ఏం గాదు. గట్టిగ బ్రేకు కొడుతుంటె ఒదులైతది. ఊడుతది."

"ఊడితె?"

సంజన కారు నిలబడ్డ చోటి జాకీ స్టాండ్ల వైపు చూసింది.

"ఆయనకు ఎర్కనా?"

"అడిగిండు. అయిందని చెప్పిన."

సంగీత ఆమెను చూసింది. చాలాసేపు కాదు, కానీ సంజనకు ఆ చూపు కింద నిలబడడం చేతకాలేదు. తర్వాత లేచి, కుచ్చిళ్లు పైకి దోపుకుని స్కూటీ స్టాండు తీసింది. "ఎక్కుండ్రి" అంది.

సంగీత స్కూటీని రోడ్డెక్కించింది. తిట్టినా బాగుండేది. వెనక కూర్చున్న సంజన ఆమె భుజం పట్టుకోలేక సీటు వెనక ఇనుప కడ్డీ పట్టుకుంది, పట్టుచీర ఇస్త్రీ మడత కళ్ల ముందు గాలికి లేస్తూ పడుతూ ఉంది. కొండగట్టుకు పోయే ఆటోలు, కోసిన మక్క చేలు, వరి కోత మిషన్లు, పక్కకు దొర్లిన ఒక డబ్బా, ఎర్రగా ఏది కనబడినా గుండె లేచి కూర్చుంటోంది, ఇటుకల ట్రాక్టరు, ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ, ఎండిన మిరప కుప్ప. ఆదివారం వద్దు. ఎప్పటికీ వద్దు, కారు అమ్మేస్తాను, బాపు కోరిక అదే కదా. ఎవరితో ఈ బేరం? రేపు మళ్లీ ఇదే మనసు స్ప్రింగుల గురించి ఆలోచిస్తుంది, తనకు తెలుసు, అదే భయం. గులకరాళ్లలోకి పోయిన రోజు నవ్వింది, ఎందుకంటే పోతే తానే పోయేది. తన ప్రాణంతో ఆడుకోవడం ఎంత సులువు. ఎదురుగాలికి కళ్లల్లో నీళ్లు వచ్చాయి, గాలికే అనుకుంది.

మల్యాల క్రాస్ రోడ్డు దగ్గర సంగీత బండి ఆపి ఒక ఆటో అతన్ని అడిగింది. "అన్నా, ఇటుక రంగు కారు, చిన్నది, బాగ సప్పుడు చేస్తది. చూసిన్రా?"

"గా గుర్రుగుర్రు కారా? ఊళ్లెకు మళ్లింది అక్కా. జెరంత ముందుకు పోతె మంది జమైన్రు ఆడ."

స్కూటీ ఒక్కసారి ముందుకు దూకింది. సంజన కడ్డీని గట్టిగా పట్టుకుంది. దూరంగా సగం రోడ్డు మీద వడ్లు ఆరబోశారు, బంగారు రంగు దుప్పటి పరిచినట్టు పొడుగునా, దాని చివర కుప్పలో కారు ముక్కు దూరి ఉంది. ఎడమ చక్రం బయటికి వంకరగా చూస్తోంది. మనుషులు. ట్రాక్టరు. ఒక ముసలామె చేతులు తిప్పుతూ అరుస్తోంది. కల్వర్టు దిమ్మె మీద నీలం చొక్కా, చేతిలో నీళ్ల సీసా. కూర్చుని ఉన్నాడు. కూర్చుని ఉన్నాడు.

స్టాండు వేయకుండానే సంగీత దిగింది, పడిపోతున్న స్కూటీని సంజన పట్టుకుంది. సంగీత పోయి మొగుడి భుజం మీద గట్టిగా ఒక దెబ్బ వేసింది, తర్వాత అదే చేత్తో చొక్కా పిడికిట్లో పట్టుకుని వదల్లేదు. "ఏం గాలే" అన్నాడు జితేందర్. "మూడోపారి కొట్టంగనే ముంగట టకటక మన్నది. ఆపుదామని కాలు పెడితె గుంజుకపోయింది, చెట్ల దిక్కు. కాలు తీసేసి, గేర్లు దించి, చెయ్యి బ్రేకు గుంజి, గీ వడ్లళ్ల దోలిన. వడ్లు ఆపినయి."

స్కూటీ నిలబెట్టి సంజన దగ్గరికి వచ్చింది. "కింది బోల్టు నేను బిగించలే అన్నా."

"చూసిన." ఆయన ఆమె వైపు తిరగలేదు. "సివరి మర మీద ఏలాడుతున్నది."

"నాది తప్పు."

"అడిగిన గద డాక్టరమ్మా."

"అడిగినవ్."

"అయిందన్నరు." ఒక గుక్క నీళ్లు తాగాడు. "కారు గుంజుకపోతుంటె పిల్లలు కండ్ల ముంగట కనవడ్డరు." అంతే అన్నాడు. గొంతు పెంచలేదు. సంజన నిలబడ్డ చోట నిలబడే ఉంది, క్షమించమనే మాట నోటి దాకా వచ్చింది, అది అంటే ఆయన పరవాలేదనాల్సి వస్తుంది, ఆ పని కూడా ఆయన నెత్తిన పెట్టడమెందుకని మింగేసింది.

"కారెవలది?" అని ముసలామె నడిమిట్లోకి వచ్చింది. కనకవ్వట, వడ్లు ఆమెవి.

"నాది అవ్వా."

"కారు నీదైతె వడ్లు నావి. రోడ్డంత చల్లిండు. గిప్పుడు ఎవలెత్తాలె?"

"నేనెత్తుత."

కనకవ్వ ఆమె ప్యాంటునూ షర్టునూ కింది నుంచి పైకి చూసి, చేతిలో చీపురు పెట్టింది. ట్రాక్టరుతో కారును వెనక్కి లాగారు. సంజన వంగి ఊడ్చడం మొదలుపెట్టింది. ఎట్లా ఊడవాలో తెలియలేదు, గింజలు చీపురు కింద నుంచి జారిపోతున్నాయి, "తట్టకు, మెల్లగ గుంజు" అంది కనకవ్వ. గుంజింది. చిన్నప్పుడు తమ వాకిట్లో వడ్లు బస్తాల్లో వచ్చి దిగేవి, వాటి మీద ఎక్కి దూకేది. ఒక్కొక్క గింజ తారు గరుకుకు ఇంత మొండిగా అంటుకుంటుందని తెలియదు. నడుము నొప్పి పుట్టింది, అది బాగుంది. సంగీత పట్టుచీర కొంగు నడుముకు చుట్టి వచ్చి ఎదురుగా కూర్చుంది, రాళ్లు ఏరి పక్కకు వేసింది. కుప్ప మళ్లీ కుప్పయింది. "ఇగ సాలు" అంది కనకవ్వ, కోపం తగ్గిన గొంతుతో, "గా పిలగానికి జెర చాయ్ తాపియ్యుండ్రి, మొకం తెల్లగైంది."

జితేందర్ చాయ్ వద్దన్నాడు. ట్రాక్టరు వాళ్ల దగ్గర జాకీ, స్పానర్లు అడిగి తీసుకుని చక్రం విప్పాడు. చక్రం లోపలి అంచు గీసుకుపోయి తెల్లటి లోహం కనబడుతోంది. సంజన పక్కన కూర్చుంది. సాయం చేయబోలేదు. ఆయన బ్రేకు ప్యాడ్లను పట్టుకునే కాలిపర్‌ను చోటికి నెట్టి, కింది బోల్టును వేళ్లతో తిప్పి, స్పానరు వేసి, ఒళ్లంతా బరువు పెట్టి బిగించాడు. బోల్టు కిర్రుమంది. చేతి వెనక భాగంతో చెమట తుడుచుకుని, స్పానరు తీసి పై బోల్టు మీద పెట్టాడు.

"అది బిగించిన" అనబోయి ఆగింది సంజన.

జితేందర్ గుంజాడు. స్పానరు కదలలేదు. ఇంకోసారి గుంజాడు. కదలలేదు. ఇక మీదట తాను ముట్టుకున్న ప్రతిదాన్నీ ఈ మనిషి ఇట్లాగే చూస్తాడు, ఇదివరకు చూడని మనిషి. ఆ నమ్మకం పోయిందని సంజనకు అర్థమైంది, ఏ మాటతోనూ వచ్చేది కాదని కూడా.

"ఇంకోపారి చూడన్నా" అంది.

జితేందర్ అప్పుడు తల తిప్పి మొదటిసారి ఆమెను చూశాడు. స్పానరు సరిగ్గా కూర్చోబెట్టి, మళ్లీ గుంజి చూశాడు.